బుల్లెమ్మగారి మూల్యాంకనం

మా తూర్పు తీర వస్త్ర రూపకల్పన విద్యాలయం కాకినాడ ఊరు దాటాక, ఉప్పుటేరు పక్కన ఉంది. అక్కడ నేను ప్యాటర్న్ కటింగ్ చెబుతాను. అంటే బట్టను ఎలా కత్తిరిస్తే మనిషి ఒంటికి సరిపోతుందో నేర్పడం. చాలాకాలం ఈ పని ఎవరికీ అభ్యంతరం లేకుండా సాగింది. మా డైరెక్టర్ భానుమూర్తిగారు ఎక్కడో విదేశంలో జరిగిన సదస్సుకు వెళ్లి వచ్చాక అభ్యంతరాలు మొదలయ్యాయి.

వెళ్లేటప్పుడు తోలు సూట్‌కేసుతో వెళ్లిన మనిషి, వచ్చేటప్పుడు గోనెసంచితో దిగారు. దిగిన రోజే సిబ్బందినంతా కూర్చోబెట్టారు.

"భూగోళం ఏడుస్తోంది," అన్నారు.

మేమంతా తలలు దించుకున్నాం. రిజిస్ట్రార్ ఓంకారంగారు మాత్రం మినిట్స్‌లో "భూగోళము ఏడ్చుచున్నది" అని రాసుకున్నారు. ఆయన ఏ మాట విన్నా గ్రాంథికంలోకి మార్చిగాని రాయరు.

"ఈ ఏడాది నుంచి ఫైనల్ ఇయర్ పిల్లల కలెక్షన్లన్నీ సుస్థిరంగా ఉండాలి. సుస్థిరం కాని బట్ట మన ర్యాంపు ఎక్కడానికి వీల్లేదు."

"సుస్థిరమనగా చిరకాలము నిలుచునది. తమరి అభిప్రాయము అదియేనా?" అని ఓంకారంగారు అడిగారు.

"కాదు కాదు. సుస్థిరం అంటే ఉండకూడనిది! మనిషి వేసుకోవాలి, విప్పాలి, ఆ తర్వాత అది భూమ్మీద ఆనవాలు లేకుండా పోవాలి."

ఓంకారంగారు కాసేపు కలం ఆపి ఆలోచించారు. తర్వాత "సుస్థిరము: ఉండకూడనిది" అని రాసి కింద గీత గీశారు. ఆ నిర్వచనం మా విద్యాలయంలో నేటికీ అమల్లో ఉంది.

దీన్ని అమలు చేయడానికి ఒక కమిటీ వేశారు. తలుపు పక్కన కూర్చున్నందుకు నన్ను సభ్య కార్యదర్శిని చేశారు.

మొదట మట్టి పరీక్ష పెట్టాం. ప్రతి విద్యార్థీ తన కలెక్షన్‌ని హాస్టల్ వెనక పెరట్లో పాతిపెట్టాలి. మట్టిలో కలిసిపోతే పాస్. పిల్లలు సాయంత్రం పూట పలుగులు, పారలు పట్టుకుని వెళ్లి, చీకటి పడేవేళకు మట్టికొట్టుకున్న చేతులతో తిరిగి వచ్చేవారు. రోడ్డు మీద పోయేవాళ్లు ఈ సంగతి గమనించారని మాకు తెలియదు. ఒక పెద్ద వాన పడింది. మట్టి కొట్టుకుపోయి ఒక చొక్కా చెయ్యి పైకి తేలింది. పొద్దున్నే ఒక కానిస్టేబుల్ వచ్చి నా గదిలో నిలబడ్డాడు.

"పెరట్లో ఆ చెయ్యి ఎవరిదండి?"

"ఫైనల్ ఇయర్ వాళ్లదండి," అన్నాను.

"మిగతాదెక్కడుందండి?"

"పక్క గోతిలో. ప్యాంటు విడిగా పాతారు."

అతను గోడకు ఆనుకున్నాడు. "ఇంకా ఎంతమందున్నారండి లోపల?"

"మొత్తం బ్యాచ్ అండి. ఒక్క అమ్మాయి మాత్రం ఇంకా గొయ్యి తవ్వుకుంటోంది."

అతనికి మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, విషయం వివరించేసరికి మధ్యాహ్నమైంది. అంతా విని, దీనికంటే హత్యే అర్థం చేసుకోవడం తేలికండి అని వెళ్లిపోయాడు.

తవ్వి చూస్తే ఒక్క బట్టా కలిసిపోలేదు. వేసవి సెలవుల్లోగా ఫలితాలు ఇవ్వాలి. డైరెక్టర్‌గారు దిగాలుపడ్డారు.

"భూమి ఆలస్యం చేస్తోంది," అన్నారు.

"భూమికి సంజాయిషీ మెమో ఇవ్వవచ్చునా?" అన్నారు ఓంకారంగారు.

సరిగ్గా ఆ సమయంలోనే కిటికీ బయట ఒక సంఘటన జరిగింది. చరణ్ అనే కుర్రాడు అరటినారతో అల్లిన గౌనుని ఉతికి తాడు మీద ఆరేశాడు. మా గేటు బయట ఇడ్లీబండి పెట్టుకునే అప్పాయమ్మకు ఒక మేక ఉంది. దాని పేరు బుల్లెమ్మ. అది లోపలికి వచ్చి, గౌనుని కాలరు దగ్గర మొదలుపెట్టి, అంచు దాకా తాపీగా తినేసింది. తాడు మీద క్లిప్పులు మాత్రం మిగిలాయి.

చరణ్ ఏడుస్తూ పరుగెత్తుకొచ్చాడు. "సార్! నా కలెక్షన్ మేక తినేసిందండి! ఆనవాలు కూడా లేదండి!"

డైరెక్టర్‌గారు కుర్చీలోంచి లేచారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. చరణ్ చెయ్యి పట్టుకుని ఊపుతూ, "కంగ్రాచ్యులేషన్స్. నువ్వు పాసయ్యావు," అన్నారు.

సాయంత్రానికల్లా ఆర్డరు వచ్చింది. "గేటు వెలుపల నివసించు శ్రీమతి బుల్లెమ్మగారిని జీవవిచ్ఛేదన ప్రమాణ పరీక్షాధికారిగా నియమించడమైనది. వారి నిర్ణయమే తుది నిర్ణయము" అని ఓంకారంగారు నోటీసుబోర్డు మీద అంటించారు. మాట్లాడడానికి నన్ను అప్పాయమ్మ దగ్గరికి పంపారు.

అప్పాయమ్మ అంతా విని, చేతులు తుడుచుకుంది. "ఉజ్జోగమాండి? గవర్నమెంటుదేనా?"

"దాదాపు అంతే."

"అలాగైతే మరియాదుండాలండి. 'అదొచ్చింది, ఇది తిన్నాది' అంటే కుదరదండాయ్. గారు అనాలి. ఇంకోటండి, అది కూకుంటే మీరు నిలబడాలి."

అన్నిటికీ ఒప్పుకున్నాం. ఫొటో తీయించి, ఐడీ కార్డు చేయించి, మెడలో వేశాం. బుల్లెమ్మగారు కార్డుని అక్కడికక్కడే ఆరగించారు. మా ఐడీ కార్డులు సుస్థిరమైనవని ఆ విధంగా తేలింది. డైరెక్టర్‌గారు చాలా సంతోషించారు.

మూల్యాంకనం సెమినార్ హాల్లో జరిగింది. విద్యార్థి వచ్చి తన కలెక్షన్ వెనుక ఉన్న భావన చెప్పాలి. తర్వాత దాన్ని పళ్లెంలో పెట్టి బుల్లెమ్మగారి ముందు ఉంచాలి. మొత్తం తింటే డిస్టింక్షన్, సగం తింటే సెకండ్ క్లాస్, వాసన చూసి మొహం తిప్పుకుంటే ఫెయిల్. పునర్మూల్యాంకనం మాటేమిటని ఒక అమ్మాయి అడిగింది. పరీక్షాధికారి నెమరు వేయునపుడు అది దానంతటదే జరిగిపోవునని ఓంకారంగారు జవాబిచ్చారు. దీనిమీద ఎవరికీ సందేహం మిగల్లేదు.

పిల్లలు తెలివైనవాళ్లు. మొదటి రోజు నారబట్టలు, జనపనార బట్టలు తెచ్చారు. రెండో రోజుకి చొక్కాలకు అవిసాకు జేబులు వచ్చాయి. ఆ తర్వాత మొక్కజొన్న పొత్తుల తొడుగుతో లంగాలు, వేరుశనగ తీగెలతో వడ్డాణాలు వచ్చాయి. దుపట్టాలకి గంజి బదులు బెల్లం పాకం పట్టించారు. తన గౌనుని మేక తిన్నప్పటి నుంచి చరణ్‌కి ఆత్మవిశ్వాసం బాగా పెరిగింది. ఫైనల్‌కి అతను ఒక పనసకొమ్మ తెచ్చాడు. దానికి కొబ్బరిచిప్పతో చేసిన గుండీ ఒకటి కుట్టి ఉంది.

"ఇందులో డ్రెస్సేదీ?" అని నేను అడిగాను.

"మీరు కట్ గురించి ఆలోచిస్తున్నారు మేడం. నేను కట్ దాటిపోయాను," అన్నాడు.

బుల్లెమ్మగారు గుండీ ఉమ్మేసి మిగతాదంతా తిన్నారు. డైరెక్టర్‌గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. డిజైన్ అంటే తగ్గించడమేనని, చరణ్ చివరికంటా తగ్గించాడని అన్నారు. చరణ్‌కి గోల్డ్ మెడల్ ఖాయమైంది.

ఇక గొయ్యి తవ్వుతూ ఆగిపోయిన ఆ ఒక్క అమ్మాయి సంగతి చెప్పాలి. ఆమె పేరు గోలి నాగమల్లిక. తండ్రి వీర్రాజు బస్సు డ్రైవరు. ఆమె పిల్లల గౌన్లు, చొక్కాలు చేసింది. మంచి నేత బట్ట తీసుకుని, పక్కల్లోను, చేతుల్లోను, అంచులోను లోపలికి మడతలు వదిలి, వాటిని బయటికి కనపడకుండా కుట్టింది. పిల్ల ఎదిగినకొద్దీ ఏడాదికొక కుట్టు విప్పుకుంటే బట్ట కూడా ఎదుగుతుంది. అక్క కూతురికి మూడేళ్ల కిందట కుట్టిన గౌను ఆ పిల్లకి ఇంకా సరిపోతోంది. పిల్లలందరికీ కుట్టు నేర్పింది నేనే, కాని ఆ మడతల ఆలోచన నాకెప్పుడూ రాలేదు.

మల్లిక తన వంతు వచ్చినప్పుడు ఇదంతా చెప్పింది. బుల్లెమ్మగారు శ్రద్ధగానే విన్నారు. గౌను చెయ్యి బల్లకు చిక్కుకోగా, అంచు నోట పట్టుకుని లాగారు. వెనక్కి జరిగి లాగారు. ముందుకాళ్లు నేలకు తన్నిపెట్టి, మెడ తిప్పి లాగారు. బల్ల కదిలింది. బల్ల మీద మోచేతులు పెట్టుకున్న ఓంకారంగారు కూడా కదిలారు. కుట్టు మాత్రం కదల్లేదు. చివరికి బుల్లెమ్మగారు గౌను వదిలేసి, కూర్చున్నారు. మేమంతా నిలబడ్డాం.

"పరీక్షాధికారి నిరాకరించిరి," అన్నారు ఓంకారంగారు.

"సార్, చిరగలేదు కదండీ!" అంది మల్లిక.

"అదేనమ్మా లోపం," అన్నారు డైరెక్టర్‌గారు జాలిగా. "ఇది పోదు. ఇంకో పదేళ్లకి కూడా ఉంటుంది. భూగోళం గురించి కొంచెమైనా ఆలోచించావా?"

"పదేళ్లపాటు ఇంకో గౌను కొనక్కర్లేదండి. అదే ఆలోచించానండి."

"చూశావా, నీ దృష్టంతా బట్ట మీదే ఉంది," అని ఆయన నిట్టూర్చారు.

మల్లికకు బెంగళూరులో ఒక దుస్తుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. జూన్‌లో చేరాలి, డిగ్రీ తీసుకెళ్లాలి. ఫెయిలైన సంగతి ఇంట్లో చెప్పలేదు. రెండు రోజులు మెస్సుకి కూడా రాలేదని తెలిసి నేనే ఆమె గదికి వెళ్లాను.

"ఒక్క చొక్కాకి బెల్లం పాకం పట్టించవే. సప్లిమెంటరీ పెట్టిస్తాను. తినేస్తుంది, పాసైపోతావు," అన్నాను.

"మేకకి పెట్టడానికి కుట్టలేదండి మేడం."

"నాకు తెలుసమ్మా. కానీ ఉద్యోగం?"

ఆమె చాలాసేపు ఆ చొక్కాని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి, మెస్సు వంటగదిలోకి వెళ్లి పాకం అడిగి తెచ్చుకుంది. ఆ పని చేస్తున్నంతసేపూ నా మొహం చూడలేదు.

తీరా సప్లిమెంటరీ రోజున పరీక్షాధికారికి సుస్తీ చేసింది. బ్యాచ్‌లో ఉన్న కలెక్షన్లన్నీ వరసగా మూల్యాంకనం చేయడంతో పొట్ట ఉబ్బింది. పశువుల డాక్టరు వచ్చి తవుడు నీళ్లు తప్ప ఏమీ పెట్టొద్దన్నారు. పరీక్ష స్నాతకోత్సవం తర్వాతకి వాయిదా పడింది. ఈలోగా మల్లిక చొక్కాకు చీమలు పట్టాయి. చీమల్ని పరీక్షాధికారులుగా గుర్తించవచ్చునా అని నేను కమిటీలో అడిగాను. వారికి నియామక ఉత్తర్వులు లేవని, పైగా వారి హాజరు తీసుకోవడం కష్టమని ఓంకారంగారు తోసిపుచ్చారు. మల్లిక చొక్కా ఉతికి ఆరేసింది. దానికేమీ కాలేదు. అది దాని దురదృష్టం.

ఇంతలో స్నాతకోత్సవం దగ్గరపడింది. ముఖ్య అతిథిగా రాజధాని నుంచి ఒక ప్రత్యేకాధికారిణి వస్తున్నారు. ముందురోజు డైరెక్టర్‌గారు రిహార్సల్‌కి వచ్చి, చేతులు రుద్దుకుంటూ, "ఏవీ మన కలెక్షన్లు? బయటికి తీయండి," అన్నారు.

"అవన్నీ పాసయ్యాయి సార్," అన్నాను.

"తెలుసు. ఇప్పుడెక్కడున్నాయి?"

అందరం బుల్లెమ్మగారి వైపు చూశాం. ఆవిడ హాలు మూల గడ్డిమోపు మీద పడుకుని నెమరు వేస్తున్నారు.

డైరెక్టర్‌గారు కొంచెంసేపు కళ్లు మూసుకున్నారు. దేశంలో పెద్ద పెద్ద సంస్థలు ఇలాంటి సమయంలోనే తమ సత్తా చూపిస్తాయి. ఆయన కళ్లు తెరిచి, "అయితే ర్యాంపు మీద బుల్లెమ్మగారే నడుస్తారు. కలెక్షన్లన్నీ వారిలోనే ఉన్నాయి కదా," అన్నారు.

"మరి మోడల్ పిల్లలు, సార్? వాళ్లేం వేసుకోవాలి?"

ఇది క్లిష్టమైన ప్రశ్న. విద్యాలయంలో మిగిలిన బట్టలు ఒక్క మల్లికవే. అవి ఫెయిలైనవి. వాటిని ర్యాంపు ఎక్కించడానికి వీల్లేదు. ఓంకారంగారు నిబంధనల పుస్తకమంతా తిరగేసి, వాటిని దుస్తులుగా కాక "తాత్కాలిక ఆచ్ఛాదన"గా, మోడల్స్ బదులు చిన్నపిల్లలకు తొడిగి నడిపించవచ్చునని తేల్చారు. మల్లికను పిలిచి అడిగారు.

"ఇస్తానండి. నన్ను పాస్ చేస్తారా?"

"నిబంధన ఒప్పుకోదు."

"పోనీ నా పేరైనా చెప్తారాండి?"

దానికి నిబంధన అడ్డురాలేదు. ఆహ్వానపత్రం చివర చిన్న అక్షరాల్లో "ఆచ్ఛాదన సౌజన్యం: కుమారి గోలి నాగమల్లిక, అనుత్తీర్ణ" అని అచ్చువేశారు.

స్నాతకోత్సవానికి తల్లిదండ్రులతో హాలు నిండిపోయింది. లైట్లు ఆరాయి, సంగీతం మొదలైంది, పొగ వచ్చింది. పొగలోంచి బుల్లెమ్మగారు వచ్చారు. వెనక అప్పాయమ్మ పట్టుచీరలో వచ్చింది.

"మీరిప్పుడు చూస్తున్నది ఈ బ్యాచ్ మొత్తం కలెక్షన్," అని డైరెక్టర్‌గారు మైకులో చెప్పారు. "ఎడమ పక్కటెముకల దగ్గర 'మట్టి పిలుపు'. దాని వెనకే 'ఆకుపచ్చ ఆక్రందన'. గోల్డ్ మెడల్ సాధించిన చరణ్ కలెక్షన్, మరి, కొద్దిగా కిందికి వచ్చి ఉంటుంది."

చరణ్ తల్లి ముందు వరసలోంచి మెడ సాచి చూసింది. "ఏదండీ? ఎక్కడండీ? నాకు మేక తప్ప ఏం కనపట్టంలేదండి!"

బుల్లెమ్మగారు ర్యాంపు మధ్యలో ఆగారు. తోక ఎత్తారు. ర్యాంపు మీద పెంటికలు రాలాయి. డైరెక్టర్‌గారు మైకుని రెండు చేతులతో పట్టుకున్నారు.

"వలయం పూర్తయింది! ఇది ఎరువు. ఎరువు నుంచి పత్తి. పత్తి నుంచి బట్ట. చప్పట్లు!"

ముఖ్య అతిథి లేచి చప్పట్లు కొట్టారు. ఆవిడ లేచారు కాబట్టి అందరూ లేచారు. రాష్ట్రంలో ఇంత స్పష్టమైన ప్రజెంటేషన్ తాను చూడలేదని చెప్పి, బుల్లెమ్మగారిని రాజధానికి డిప్యుటేషన్ మీద పంపాలని అక్కడికక్కడే ప్రకటించారు. ఇకపై ఇతర శాఖల పథకాలను కూడా వారి ముందు ఉంచుతామన్నారు.

ఈ హడావుడిలో ఆచ్ఛాదన పిల్లలు ర్యాంపు మీదికి వచ్చారు. మల్లిక అక్క కూతురు ముందు నడిచింది. మల్లిక పక్కనుంచి వచ్చి, ఆ పిల్ల గౌను నడుం దగ్గర ఒక దారం పట్టుకుని లాగింది. మడత జారి గౌను జానెడు పొడుగైంది. ఇంకో దారం లాగితే చేతులు దిగాయి. హాలు వెనక వరసల్లో తల్లులు ఒకళ్లనొకళ్లు పొడుచుకున్నారు.

"చూశావా వదినా? మా బుజ్జిదానికి ఎండాకాలంలో కొన్న గౌను వానాకాలానికే పైకెక్కిపోద్ది!"

"ఆ పిల్ల ఎవరో కనుక్కో ముందు."

కార్యక్రమం అయ్యాక మల్లిక హాలు బయట మెట్ల మీద తండ్రి ఎదుట నిలబడింది. నేను పక్కనే ఉన్నాను. వీర్రాజుగారు డ్యూటీ నుంచి నేరుగా ఖాకీ చొక్కాతోనే వచ్చారు.

"నాన్నా, నేను ఫెయిలయ్యాను."

"ఎవరే ఫెయిల్ చేసింది?"

"మేక."

ఆయన నా వైపు చూశారు. నేను తల ఊపాను.

"ఎందుకంటా?"

"నా కుట్టు ఊడలేదంట."

ఆయన గేటు వైపు చూశారు. అప్పటికే బుల్లెమ్మగారికి పూలదండ వేసి కారు ఎక్కిస్తున్నారు. దండ కారెక్కేలోపే సగం అయిపోయింది. "బ్రేకులు బాగా పడ్డాయని డ్రైవర్ని సస్పెండ్ చేసినట్టుందే అమ్మా," అని ఆయన కూతురి తల మీద చెయ్యి వేశారు. అప్పటిదాకా ఏడవని పిల్ల అప్పుడు ఆయన ఖాకీ చొక్కాలో మొహం పెట్టుకుని గట్టిగా ఏడ్చింది. ఏడుపు పూర్తి కాకుండానే వెనకనుంచి చరణ్ తల్లి భుజం తట్టింది.

"పాపా, ఏడ్చింది చాలుగానీ, మా మనవరాలికి అలాంటిది ఒకటి కుడతావా? అయిదేళ్ల పిల్ల. గబగబా ఎదుగుద్ది."

ఆమె వెనక ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు.

బెంగళూరు కంపెనీ డిగ్రీ లేనిదే కుదరదంది. మల్లిక కాకినాడలోనే చిన్న షాపు పెట్టింది. ఏడాది తిరిగేసరికి కుట్టేవాళ్లని పెట్టుకుంది, పక్క షాపు కూడా తీసుకుంది, బళ్లవాళ్లు యూనిఫాంలకి ఆర్డర్లు ఇచ్చారు. చరణ్ ఇప్పుడు ఆమె దగ్గరే గుండీలు కుడుతున్నాడు. బాగా కుడతాడని ఆమె చెబుతుంది.

మా విద్యాలయం ఆమెను మర్చిపోలేదు. ఈ ఏడాది అడ్మిషన్ల పోస్టరు మీద మల్లిక ఫొటో వేసి, కింద "మా విద్యాలయం గర్వించదగ్గ అనుత్తీర్ణ" అని రాయించారు డైరెక్టర్‌గారు. ఫలితం మేం ఊహించినట్టు రాలేదు. అప్లికేషన్లు గుట్టలుగా వచ్చాయి, కానీ ప్రతి తండ్రీ వచ్చి ఫెయిలయ్యే సీటే కావాలని అడుగుతున్నాడు. చివరికి కమిటీ కూర్చుని, ఫెయిల్ సీట్లను పరిమితం చేసి, వాటికి ప్రత్యేక ప్రవేశపరీక్ష పెట్టింది. ఆ పరీక్షలో ఫస్టు వచ్చినవాళ్లకే ఫెయిలయ్యే అర్హత.

నిన్న పెద్దాపురం నుంచి ఒక పెద్దాయన కూతుర్ని వెంటబెట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చాడు. పిల్ల చేతిలో తాను కుట్టిన సంచి ఉంది. తిప్పి చూశాను. కుట్టు గట్టిగా, తిన్నగా ఉంది.

"మేడంగారూ, ఉన్నదున్నట్టు చెప్పండి," అన్నాడాయన గొంతు తగ్గించి. "మీ దగ్గర చేర్పిస్తే మా అమ్మాయి కచ్చితంగా ఫెయిలవుద్దాండి?"

"మా ప్రయత్నం మేం చేస్తామండి," అన్నాను. "గ్యారంటీ మాత్రం ఇవ్వలేం. ఎంత బాగా చదివే పిల్లలైనా, ఒక్కోసారి పాసైపోతుంటారు."